వర్ణన నుండి వస్తువుకు: తెలుగునాట ప్రయోగాత్మక విజ్ఞానవిద్య – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
విజ్ఞానశాస్త్రం తెలుగునాట మొదట పుస్తకంగా, తరువాత ప్రజాయాత్రగా, ఆపై ప్రయోగసామగ్రిగా సామాన్యుల పిల్లల వద్దకు చేరిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ధరణికోట చరిత్రతో ప్రారంభించి, అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ కృషిని హోషంగాబాద్ అనుభవంతో పోల్చి చర్చిస్తుంది.

కీలకపదాలు: ధరణికోట, విజ్ఞానచంద్రిక, జనవిజ్ఞానవేదిక, అగస్త్య ఫౌండేషన్, సంచార ప్రయోగశాల.

1. ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లాలోని ధరణికోట శాతవాహనుల కాలపు ధాన్యకటకం. 1962–64 మధ్య ఇక్కడ జరిగిన తవ్వకాలలో కృష్ణానదితో కలిసే నౌకామార్గం, మొదట కొయ్యతోనూ తరువాత ఇటుకతోనూ కట్టిన రేవు బయటపడ్డాయి. నీటి మట్టం, నేల వాలు, కట్టడపు బరువు తెలిసినవారే అటువంటి రేవును నిర్మించగలరు. ఆ ఊరి పక్కనే ఉన్న అమరావతి స్తూపం చరిత్ర మరొక విధంగా సాగింది. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు నిర్మిస్తున్న పట్టణం కోసం స్తూపపు దిబ్బను తవ్వుతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ వెలికితీయించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడినుండి వాటిలో చాలా భాగం లండన్‌కు చేరాయి. అమరావతి మ్యూజియంలో కొన్ని మిగిలినా, స్థానిక విద్యార్థి తన ఊరి శిల్పసంపదలో ప్రధానభాగాన్ని నేటికీ చిత్రాలలోనే చూడవలసి వస్తున్నది.

వస్తువు దూరమై వర్ణన మాత్రమే మిగిలే ఈ స్థితి చరిత్రకే పరిమితం కాదు. ప్రయోగశాల లేని బడిలో విజ్ఞానశాస్త్రానిదీ ఇదే స్థితి. దానిని అధిగమించడానికి జరిగిన ప్రయత్నాలను మూడు దశలుగా గుర్తించవచ్చు.

2. పుస్తకం, యాత్ర

మొదటిది పుస్తక దశ. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషితో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలి చరిత్రతోపాటు జీవశాస్త్రం, పదార్థవిజ్ఞానం, రసాయనశాస్త్రం వంటి విషయాలపై తెలుగులో గ్రంథాలు ప్రచురించింది. ఆంగ్లం రాని పాఠకునికి శాస్త్రజ్ఞానం అందుబాటులోకి వచ్చింది. తెలుగులో శాస్త్రపరిభాష రూపుదిద్దుకోవడానికి దారి ఏర్పడింది. అయితే దాని ఫలం చదవగలిగిన వారికే పరిమితమైంది.

రెండవది ప్రజాయాత్ర దశ. 1987లో దేశవ్యాప్తంగా భారత జనవిజ్ఞాన జాతా జరిగింది. మరుసటి సంవత్సరం తెలుగునాట జనవిజ్ఞానవేదిక ఏర్పడింది. ఈ సంస్థ అక్షరాస్యత ఉద్యమంలో పాల్గొన్నది. ‘చెకుముకి’ పత్రిక ద్వారా, బాలల సైన్సు సంబరాల ద్వారా పిల్లలను చేరుకున్నది. విజ్ఞానం ఈ దశలో గ్రంథాలయం దాటి వీధిలోకి వచ్చింది. మూఢనమ్మకాలను ప్రశ్నించే సామాజిక లక్ష్యం దీనికి ప్రాణం.

3. ప్రయోగం పిల్లల చేతికి

మూడవ దశకు ప్రముఖ ఉదాహరణ అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్. బ్యాంకింగు రంగంలో పనిచేసిన రామ్‌జీ రాఘవన్ 1999లో దీనిని స్థాపించారు. ఆయన మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల పూర్వవిద్యార్థి. ఉన్నతవర్గాల పిల్లలకు అందిన స్వేచ్ఛాయుత విద్యను గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల వైపు మళ్లించే ప్రయత్నంగా ఈ సంస్థను అర్థం చేసుకోవచ్చు. చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో 172 ఎకరాలలో దీని ప్రాంగణం ఉంది. ఒకప్పుడు బీడుగా ఉన్న ఆ నేల నేడు చెట్లతో, ప్రయోగశాలలతో, గణితాన్ని ఆటగా పరిచయంచేసే రామానుజన్ గణిత ఉద్యానంతో నిండి ఉంది.

సంస్థ కృషిలో ముఖ్యమైనది సంచార ప్రయోగశాల. నమూనాలు, పరికరాలు నింపిన వ్యాను బోధకులతో సహా బడికి వెళుతుంది. వ్యాను వెళ్లలేని చోటికి మోటారుసైకిలుపై సామగ్రి వెళుతుంది. “కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుంది” అన్న వాక్యాన్ని కంఠస్థం చేసిన పిల్లవాడు, పిన్‌హోల్ కెమెరా తెరపై కొవ్వొత్తి మంట తలకిందులుగా కనిపించగానే “ఎందుకు?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నతోనే శాస్త్రాధ్యయనం మొదలవుతుంది. శిక్షణ పొందిన పిల్లలే తోటి పిల్లలకు బోధించే పద్ధతిని సంస్థ ప్రోత్సహించడం గమనార్హం. దీనివల్ల బీదపిల్లవాడు కేవలం గ్రహీతగా మిగలక, చెప్పగలిగిన వాడవుతాడు.

4. పరిమితి – హోషంగాబాద్ పాఠం

వ్యాను వెళ్లిపోయిన మరునాడు బడిలో ఏం మిగులుతుంది? ఈ ప్రశ్నకు మధ్యప్రదేశ్ అనుభవం కొంత సమాధానమిస్తుంది. 1972లో హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలలతో మొదలైన విజ్ఞానబోధన కార్యక్రమం ప్రయోగసామగ్రిని తరగతిగదిలోనే ఉంచింది. అక్కడి ఉపాధ్యాయులకే శిక్షణనిచ్చింది. పాఠ్యపుస్తకాన్ని ప్రయోగాల చుట్టూ తిరిగి రాయించింది. పుస్తకం చూసి రాసే పరీక్షను, ప్రయోగ పరీక్షను ప్రవేశపెట్టింది. అంటే పరీక్ష కూడా కంఠస్థాన్ని కాక పరిశీలనను కొలిచింది. ప్రభుత్వ వ్యవస్థలో అంత లోతుగా పాతుకున్న ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వమే నిలిపివేసింది.

ఈ రెండు అనుభవాలు పరస్పర పూరకాలు. వ్యవస్థ వెలుపల పనిచేసే స్వచ్ఛంద సంస్థకు స్వేచ్ఛ ఎక్కువ. కాని పరీక్షను మార్చే అధికారం దానికి లేదు. వ్యవస్థలో భాగమైన కార్యక్రమానికి ఆ అవకాశం ఉంటుంది. కాని దాని మనుగడ పాలకుల నిర్ణయానికి లోబడి ఉంటుంది. అందువల్ల సంచార ప్రయోగశాల విజయాన్ని అది తిరిగిన బడుల సంఖ్యతో కాక, అది వెళ్లిన తరువాత ఉపాధ్యాయుడు సొంతంగా చేయించిన ప్రయోగాలతో కొలవడం సమంజసం.

5. ముగింపు

విజ్ఞానచంద్రిక భాషను, జనవిజ్ఞానవేదిక ప్రశ్నించే ధైర్యాన్ని, అగస్త్య చేతికందే వస్తువును సమకూర్చాయి. వీటిలో ఏ ఒక్కటీ మిగిలినవాటికి ప్రత్యామ్నాయం కాజాలదు. పుస్తకం లేని ప్రయోగం వినోదంగా, ప్రయోగం లేని పుస్తకం వల్లెవేతగా ముగిసే ప్రమాదం ఉంది. ప్రయోగసామగ్రి బడిలోనే నిలవడం, దానికి పరీక్షలో విలువ దక్కడం తరువాతి దశ కావాలి. లండన్ చేరిన శిల్పాలను ధరణికోట పిల్లవాని ముందు నిలపడం బడి చేతిలో లేదు. కాని ఊరి పక్కన పారే కృష్ణ, ఆ ఒండ్రునేల, రేవు కట్టిన పూర్వుల నేర్పు ఇక్కడే ఉన్నాయి. ఒక కొలబద్ద, ఒక తూకపురాయి, వాటిని వాడనిచ్చే ఉపాధ్యాయుడు ఉంటే ఆ రేవు చరిత్రపాఠంగానే కాక భౌతికశాస్త్ర పాఠంగానూ మారగలదు.