వెల్ల నుంచి వాటర్ జెట్ దాకా

ఇంటి బయటి గోడను కడగాలన్న ఆలోచన తెలుగు నేలకు చాలా కొత్తది. మట్టిగోడ మీద నీళ్లు పోస్తే కరుగుతుంది, సున్నపు గోడను రుద్దితే పొడి రాలుతుంది. అందుకే మన పెద్దలు గోడ మాసినప్పుడు మురికి వదిలించే పని పెట్టుకోలేదు. దాని మీదే ఇంకో పూత వేసేశారు. మట్టిగోడకు పేడతో అలుకు, అడుగున జాజు పట్టె, ఇటుక గోడకు సంక్రాంతికో దసరాకో వెల్ల. ఏటేటా కొత్త పొర వస్తుంటే పాత పొర మాసిందని బెంగ ఎవరికి? ఆ లెక్క తప్పింది గోడ మీది పూత పదేళ్లు ఉండాలని మనం కోరుకున్న రోజున. కడగడం అనే పని అప్పుడే పుట్టింది. ఎలా కడగాలన్న తంటా కూడా దాని వెంటే వచ్చింది.

వెల్ల దగ్గర కాసేపు ఆగాలి. తీర ప్రాంతాల్లో నత్తగుల్లలు కాల్చి తీసిన గుల్ల సున్నం, పల్నాడు వైపు రాతి సున్నం. పిడుగురాళ్ల పేరు వింటే ఇప్పటికీ సున్నపు బట్టీలే గుర్తొస్తాయి. పండక్కి ముందే పెరట్లో తొట్టిలోనో పాత డ్రమ్ములోనో సున్నం వేసి నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి ఉడికేది. కళ్లలో చిందితే చూపు పోతుందని పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. బాగా నానాక పాత గుడ్డలో వడగట్టి, గోడకు పట్టు కోసం ఉప్పో బంకో గంజో కలిపి, తెలుపు కంటికి ఆనడానికి చిటికెడు నీలిమందు వేసేవారు. మొదటి చెయ్యి నిలువుగా, అది ఆరాక రెండో చెయ్యి అడ్డంగా. వేసేటప్పుడు వేసినట్టే కనిపించదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. ఆ పూత గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. తడి సున్నం పీహెచ్ 12 దాటుతుంది గనుక పాచి, బూజు దానికి తట్టుకోలేవు. రంగు వేయడం, క్రిములను చంపడం, సన్న పగుళ్లు పూడ్చడం అన్నీ ఒక్క కుంచెతో అయిపోయేవి. ఇంత చౌకగా ఇన్ని పనులు చేసిన పూత మళ్లీ రాలేదని నా నమ్మకం.

లోపం లేదనను. పొర మీద పొర పేరుకుని కొన్నాళ్లకు పెచ్చులుగా ఊడేది. ఇళ్ల సంగతి సరే, గుళ్లలో భక్తి కొద్దీ రాతి శిల్పాలకూ శాసనాలకూ వెల్ల కొట్టేశారు. ముక్కూ మొహం పూడిపోయిన ఆ దేవతలను బయటికి తీయడానికి పురావస్తు శాఖ తరువాత నానా అవస్థలూ పడింది.

మనం వెల్ల వేసుకుంటున్న రోజుల్లోనే యూరప్ నగరాలకు వేరే జబ్బు పట్టింది. బొగ్గు పొగకు రాతి భవనాలు నల్లబడ్డాయి. పారిస్‌లో ఇంటి ముందు గోడను కనీసం పదేళ్లకోసారి శుభ్రం చేయించాలని 1852లోనే ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. ఆచరణ అంతంత మాత్రం. 1959లో సాంస్కృతిక మంత్రి అయిన ఆండ్రే మాల్రో పట్టుబట్టి కడిగించేదాకా పారిస్ రాయి అసలు రంగు చాలామందికి తెలియదు. లండన్ 1952లో పొగమంచుతో ఉక్కిరిబిక్కిరై, 1956లో పరిశుద్ధ గాలి చట్టం తెచ్చుకున్నాక గోడల మీద దృష్టి పెట్టింది. పొగ ఆగకుండా గోడ కడగడం దండగ గనుక ఆ వరస సబబే.

అయితే ఆ ఉత్సాహంలో చేతికందిన పరికరం ప్రమాదకరమైనది. 1870లో అమెరికాలో బెంజమిన్ చూ టిల్గ్‌మన్ ఇసుకను వేగంగా చిమ్మి గట్టి వస్తువులను గీరే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. లోహం మీద తుప్పు వదిలించడానికి అది దివ్యమైన సాధనం. ఇటుక మీద, మెత్తని ఇసుకరాయి మీద మాత్రం మురికితో పాటు గోడ చర్మాన్నీ ఒలిచేసింది. కాల్చిన ఇటుకకు పైన గట్టి పొర ఉంటుంది. అది పోతే లోపలి గుల్ల భాగం నీరు తాగుతుంది, మురికి మునుపటికన్నా తొందరగా పడుతుంది. తళతళలాడిన గోడ నాలుగేళ్లకే పొడిపొడిగా రాలింది. అమెరికా నేషనల్ పార్క్ సర్వీసు 1979లో ఈ గీరుడు పద్ధతుల ప్రమాదాల మీద ప్రత్యేకంగా ఒక కరపత్రమే వేసింది. తమిళనాడు ఆలయాల్లోనూ ఇసుక చిమ్మి శాసనాల అక్షరాలను అరగదీశాక గానీ ఆ పని మీద నిషేధం రాలేదు.

ఇసుక తరువాత నీటి వంతు. 1920ల్లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రాంక్ ఆఫెల్ట్ ఆవిరి ఒత్తిడితో కడిగే యంత్రం తయారుచేశాడు. 1950లో జర్మనీలో కార్చర్ కంపెనీ వేడినీటి హై ప్రెషర్ యంత్రం తెచ్చింది. 1984లో ఇంట్లో వాడుకునే చిన్న యంత్రాన్ని అదే కంపెనీ అమ్మకానికి పెట్టింది. 2005లో అమెరికాలో రష్‌మోర్ కొండ మీది అధ్యక్షుల మొహాలకు పట్టిన నాచును కడిగిందీ వాళ్లే. గ్రానైటు గనుక ఆ కొండ తట్టుకుంది. మన గోడ తట్టుకుంటుందా అన్నది వేరే ప్రశ్న. మేడ మీది ట్యాంకు నీరు పది మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఒక బార్ ఒత్తిడి వస్తుంది. కారు కడిగే మామూలు ప్రెషర్ వాషరే 100 బార్లు దాటిస్తుంది.

ఇక్కడే తాజ్‌మహల్‌ను తలచుకోవాలి. పసుపెక్కిన ఆ పాలరాతిని జెట్‌తో కొట్టాలని ఎవరూ అనలేదు. 1994లో మొదలుపెట్టి పలుమార్లు పురావస్తు శాఖ ముల్తానీ మట్టి ముద్దను పలచగా పూసి, అది ఎండుతూ మురికిని పీల్చుకున్నాక శుద్ధమైన నీటితో మెల్లగా కడిగింది. కొన్నేళ్లకు యమున వైపు గోడల మీద పచ్చని మచ్చలు పడ్డాయి. అవి నది మురుగులో పెరిగిన పురుగుల రెట్టలు. కడిగితే పోయేవి, మళ్లీ వచ్చేవి. మాటిమాటికీ రుద్దితే రాతి మెరుపు పోతుందని అధికారులకు బెంగ పట్టుకుంది. రోగం నదిలో ఉంటే మందు గోడకు పూయడం ఎంతకాలం?

తెలుగు ఊళ్లలో సిమెంటు ప్లాస్టరింగు పెరిగాక వెల్ల పలచబడి స్నోసెమ్ వచ్చింది. నీళ్లు చల్లి పదును పెట్టే పూత అది, వెల్లకు దగ్గరి చుట్టమే. అసలు మార్పు ఎమల్షన్ రంగులతో వచ్చింది. వాటిని కడగవచ్చు, ఏళ్ల తరబడి ఉంటాయి. అంటే ఏటా క్రిములను చంపే సున్నం తప్పుకుంది. కార్నిసుల కింద, బాల్కనీ అంచుల నుంచి వానాకాలం తరువాత నల్లటి చారలు దిగడం మొదలైంది. దుమ్మని చాలామంది అనుకుంటారు గానీ అందులో ఎక్కువ భాగం పాచి, బూజు. చిన్న పరీక్ష ఉంది. దూదితో రెండు చుక్కల పలచని బ్లీచింగ్ ద్రావణం అద్ది చూడండి. కాసేపటికి రంగు విరిగితే అది ప్రాణమున్న మచ్చ. విరగకపోతే పొగ, దుమ్ము, తుప్పు.

ప్రాణమున్న మచ్చకు ఒత్తిడి అక్కర్లేదు. 1799లో గ్లాస్గోలో చార్లెస్ టెనంట్ పేటెంటు పొందిన బ్లీచింగ్ పౌడరుకూ ఇప్పుడు వాడే హైపోక్లోరైట్ ద్రావణాలకూ పని ఒక్కటే. చెట్లను ముందే నీళ్లతో తడిపి, ద్రావణాన్ని కింది నుంచి పైకి పట్టించి, పది నిమిషాలు ఆగి, పై నుంచి కిందికి మామూలు పైపుతో కడిగితే చాలు. పై నుంచి మొదలుపెడితే జారిన ద్రావణం చారలు కడుతుంది. పొరపాటున యాసిడ్‌తో కలిపారో క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరి అందదు.

యాసిడ్ మాట వచ్చింది గనుక చెప్పాలి. కొత్త ఇంటి గృహప్రవేశానికి ముందు సిమెంటు మరకలు పోవాలని యాసిడ్ పోయించడం మన మేస్త్రీల పాత అలవాటు. కరీంనగర్ గ్రానైటుకూ చీమకుర్తి నల్లరాయికీ పెద్దగా ఏమీ కాదు. కడప బండ, తాండూరు బండ, బేతంచర్ల రాయి మూడూ సున్నపురాయి జాతి. యాసిడ్ పడగానే నురగ కక్కుతాయి, ఆ నురగే రాయి కరగడం. పైకి తీర్చిన నునుపు పోయాక ఏ పాలిష్‌వాలా వచ్చినా పాత మెరుపు తెప్పించడం కష్టం.

మిగతావి తొందరగా చెప్పుకోవచ్చు. గోడ అడుగున తెల్లగా ఉప్పు పూస్తే పొడి బ్రష్షుతో దులపాలి. నీళ్లు పోస్తే ఆ ఉప్పు కరిగి గోడలోకే పోతుంది. ఆస్‌బెస్టాస్ రేకులను జెట్‌తో కొట్టకూడదు, ఊడివచ్చే నార ఊపిరితిత్తులకు చేటు. మంగుళూరు పెంకుల కప్పు వాన నీటిని పై నుంచి కిందికి జార్చడానికి పుట్టింది. కింది నుంచి జెట్ కొడితే ఆ నీరు పెంకుల సందుల్లోంచి వాసాల మీద పడుతుంది. అమెరికాలో మనవాళ్ల ఇళ్లకుండే వినైల్ పలకలదీ ఇదే కథ. పచ్చ మరకలు కనబడగానే కాలనీ సంఘం నుంచి ఉత్తరం, శనివారం అద్దె ప్రెషర్ వాషర్, పైకి కొట్టిన నీరు పలక వెనక చేరి బూజు. అక్కడ సబ్బునీళ్లూ పొడుగు కర్ర బ్రష్షే మేలు.

పాతదాన్ని గట్టిదానితో బాగుచేయాలన్న తొందర ఎంత దూరం పోయిందో హైదరాబాద్‌లో కుతుబ్‌షాహీ సమాధులు చూస్తే తెలుస్తుంది. 20వ శతాబ్దంలో వాటి సున్నపు గచ్చు మీద సిమెంటు పూశారు. లోపలి తడి బయటికి రాలేక గచ్చే చెడింది. 2013లో మొదలైన ఆగాఖాన్ ట్రస్టు పునరుద్ధరణలో ఆ సిమెంటును చెక్కించి, మళ్లీ సున్నమే పెట్టించారు.

ఇవాళ్టి అపార్టుమెంట్లలో ఈ చర్చ సర్వసభ్య సమావేశంలో నడుస్తుంది. చారలు పడగానే రంగు వేయిద్దామంటారు. రంగు వెలిసిందా, మాసిందా అన్నది ముందు తేల్చుకోవాలి. తడి అరచేత్తో గోడను రుద్దినప్పుడు సుద్దలా అంటుకుంటే రంగు ఆయుష్షు తీరినట్టే, కడిగినా లాభం లేదు. అంటకపోతే పాచిమందూ నీళ్లూ చాలు, రంగుకు ఇంకా రెండు మూడేళ్లు టైముంది. పగుళ్లున్న గోడకు మాత్రం ముందు పగుళ్లు పూడ్పించాలి. జెట్ నీరు వాటిలో దూరితే తరువాత వేసే రంగు బొబ్బలెక్కుతుంది. అన్నిటికన్నా ముందు చేయించాల్సింది చాలా సంఘాలు చివరన కూడా చేయించవు. పిట్టగోడ పైన వాలు సరిచేసి, బాల్కనీ అంచు కింద నీరు తెగిపడే గాడి పెట్టించడం. చార దిగే దారి అదే మరి.