గృహ తనిఖీ (అమెరికా)

గృహ తనిఖీ లేదా హోమ్ ఇన్‌స్పెక్షన్ అనగా ఇల్లు కొనుటకు ముందు ఆ ఇంటి నిర్మాణ స్థితిని, విద్యుత్తు, నీరు మొదలగు ఏర్పాట్ల పనితీరును శిక్షణ పొందిన వ్యక్తిచే పరీక్ష చేయించుట. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పాత ఇళ్ళ క్రయవిక్రయాలలో ఇది సాధారణ పద్ధతి. సాధారణంగా కొనుగోలుదారే తనిఖీదారుని ఎంచుకొని రుసుము చెల్లిస్తారు. బ్యాంకు కొరకు ఇంటి విలువను లెక్కగట్టే అప్రైజల్ వేరు, ఈ తనిఖీ వేరు.

నేపథ్యం

తనిఖీదారుల వృత్తి సంఘమైన అమెరికన్ సొసైటీ ఆఫ్ హోమ్ ఇన్‌స్పెక్టర్స్ 1976లో ఏర్పడినది. తనిఖీలో కనీసం ఏమేమి చూడవలెనో తెలిపే ప్రమాణాలను ఈ సంఘం రూపొందించినది. నియమాలు రాష్ట్రానికొక విధముగా ఉన్నవి. టెక్సాస్‌లో తనిఖీదారులకు లైసెన్సు తప్పనిసరి. కాలిఫోర్నియాలో లైసెన్సు విధానము లేదు.

తనిఖీ సమయం

బేరం కుదిరి, ఒప్పందంపై సంతకాలైన తరువాత తనిఖీ జరుగుతుంది. తనిఖీ షరతు ఉన్న ఒప్పందంలో దానికి కొద్ది రోజుల గడువు ఉంటుంది. షరతు ప్రకారం ఆ గడువులోగా తప్పుకొంటే బయానా సొమ్ము తిరిగి వస్తుంది. గడువు దాటిన పిమ్మట తప్పుకొంటే ఆ సొమ్ము పోవచ్చును. అందువలన ఒప్పందం కుదిరిన వెంటనే తనిఖీదారుని నియమించుకొనుట మంచిది.

తనిఖీ జరిగే విధానం

మధ్యతరహా ఇంటి తనిఖీకి సుమారు 2 నుండి 4 గంటలు పడుతుంది. ఆ సమయానికి ఇంటిలో కరెంటు, నీరు, గ్యాసు సరఫరా ఉండవలెను.

* వెలుపల: పైకప్పు, వాననీటి గొట్టాలు, గోడల పగుళ్ళు, పునాది, వాననీరు పునాది వైపునకు పారకుండా నేల వాలు ఉన్నదా లేదా అన్న విషయం.
* లోపల: అటక, నేలమాళిగ, తలుపులు, కిటికీలు, మెట్లు, తేమ మరకలు.
* ఏర్పాట్లు: సర్క్యూట్ బ్రేకర్ల పెట్టె, కుళాయిలు, మురుగు గొట్టాలు, వాటర్ హీటరు, ఫర్నేసు, ఏసీ.

కొనుగోలుదారు స్వయంగా హాజరైతే ప్రతి లోపాన్ని కళ్ళారా చూచి ప్రశ్నలు అడగవచ్చును. నీటి సరఫరాను పూర్తిగా నిలిపే వాల్వు ఎక్కడ ఉన్నదో అప్పుడే తెలుసుకొనవచ్చును.

పరిమితులు

ఇది ప్రధానంగా కంటికి కనిపించే భాగాల పరిశీలన మాత్రమే. తనిఖీదారు గోడలు పగులగొట్టరు, బరువైన సామాను జరపరు. ఇందులో ఉత్తీర్ణత అన్నది లేదు. నివేదిక భవిష్యత్తుకు హామీ కూడా కాదు. చెదలు, భూగర్భ మురుగు గొట్టం వంటివాటికి సాధారణంగా వేరే పరీక్షలు చేయించుకొనవలెను. రేడాన్ వాయువు పరీక్షకు కనీసం 48 గంటలు పడుతుంది. లీటరు గాలికి 4 పికోక్యూరీలు లేదా అంతకు మించి ఉంటే నివారణ చర్యలు చేపట్టవలెనని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. 1978కి పూర్వపు ఇళ్ళ రంగులలో సీసం ఉండవచ్చును. అటువంటి ఇంటిని అమ్మేటప్పుడు సీసం పరీక్షకు కొనుగోలుదారుకు 10 రోజుల అవకాశం ఇవ్వవలెనని సమాఖ్య చట్టం చెబుతున్నది.

నివేదిక తరువాత

నివేదిక సాధారణంగా ఒకటి రెండు రోజులలో ఫొటోలతో సహా అందుతుంది. మంచి ఇంటికి కూడా పదుల సంఖ్యలో లోపాలు వ్రాసి ఉండుట సహజం. వదులైన తలుపు పిడికి, కుంగిన పునాదికి చాలా భేదమున్నది. భద్రత, పునాది, పైకప్పు, నీటి చెమ్మ, విద్యుత్తులకు సంబంధించిన లోపాలను ముందు చూడవలెను. వాటిని బట్టి మరమ్మత్తు కోరుట, ధర తగ్గింపమనుట, ఉన్నదున్నట్లు కొనుట, తప్పుకొనుట అనే నాలుగు మార్గాలున్నవి.

పోటీ తీవ్రంగా ఉన్నప్పుడు కొందరు తనిఖీ హక్కును వదులుకొని బేరమాడుతారు. 2020 తరువాత కొన్నేళ్ళు ఇది బాగా పెరిగినది. దాచిన లోపాల భారమంతా అప్పుడు కొనుగోలుదారుపైనే పడే ప్రమాదమున్నది. మసాచుసెట్స్‌లో 2025 అక్టోబరు నుండి, తనిఖీ వదులుకొంటేనే అమ్ముతామని షరతు పెట్టుట చాలావరకు నిషిద్ధం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో

తెలుగు రాష్ట్రాలలో కొనుగోలుదారులు ముఖ్యంగా ఈసీ, లింకు డాక్యుమెంట్లు, ప్లాను అనుమతులు పరిశీలిస్తారు. కాగితాలు హక్కును తెలుపుతాయే గాని కట్టడం గట్టిదనాన్ని తెలుపవు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం స్వాధీనం చేసిన 5 సంవత్సరాలలోపు బయటపడిన నిర్మాణ లోపాలను బిల్డరు ఉచితంగా సరిచేయవలెను. పాత ఇంటిని దాని యజమాని నుండి కొనేవారికి అతనిపై ఇటువంటి హక్కు ఉండదు కనుక, కొనుటకు ముందే ఇంజనీరుకు ఇంటిని చూపించుట మేలు.