మన అమ్మల బొంతలు

సోంపేట చుట్టుపక్కల ఉద్దానం ఊళ్ళలో బొంత ఒక్కరి పని కాదు. ఇంటి పనులయ్యాక ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అరుగు మీద చేరేవారు. మెత్తబడ్డ పాత నేత చీరలు, పంచెలు పొరలుగా పరిచి, తలో మూల కూర్చుని, అంచుల నుంచి నడిమికి కుట్టుకొచ్చేవారు. ఈ రోజు ఒకరింటి బొంత, రేపు మరొకరిది.

ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్జెల్లో మ్యూజియం కుర్చీల మీది అలల కుట్టుకు ఆ మ్యూజియం పేరే స్థిరపడింది. మన అమ్మల కుట్టు మాత్రం మన పక్కల్లోనే అరిగిపోయింది. పాలియెస్టర్ చీరలు వచ్చాక బొంతకు పనికొచ్చే నూలు గుడ్డ తగ్గింది. 2018 అక్టోబరు తిత్లీ తుఫానులో కూలిన కొబ్బరి, జీడి చెట్లను లెక్కపెట్టారు. తడిసి పాడైన బొంతలు ఏ లెక్కలోకీ రాలేదు.

మిత్రులారా, ఇంట్లో బొంత మిగిలి ఉంటే అది ఎవరి చీరో, ఎవరెవరు కుట్టారో పెద్దవాళ్ళను అడిగి రాసి పెట్టండి.