అమ్మ పెట్టనన్న సంతకం

రాత్రి పదకొండు దాటింది. క్యాబిన్ కప్పు మీద వాన ఆగకుండా కొడుతోంది. పై బంకులో, స్లీపింగ్ బ్యాగులో ముడుచుకుని, పదకొండేళ్ల పిల్ల కళ్లు తెరుచుకునే ఉంది. అమ్మ దగ్గర లేకుండా పడుకోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. బాత్రూమ్‌కి వెళ్లాలి. అదేమో బయట, చీకట్లో, చెట్ల అవతల. అమ్మకి ఫోన్ చేద్దామా అంటే క్యాంపులో పిల్లల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్‌కి తూర్పున అడవి. పిల్ల హిల్స్‌బరోలో ఆరో తరగతి. నాన్న చిప్‌ల కంపెనీలో ఇంజనీరు. పేర్లెందుకు, ఆ ఊళ్లో ఇలాంటి తెలుగిళ్లు బోలెడు.

బడి నుంచి ఫారం వచ్చిన రోజు ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది.

"పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చుగా?" అంది అమ్మ.

"కాదమ్మా, ఔట్‌డోర్ స్కూల్. అక్కడే పడుకోవాలి. క్లాసంతా వెళ్తోంది."

తెనాలి నుంచి వీడియో కాల్‌లో అమ్మమ్మ అందుకుంది. "ఆడపిల్లని అడవిలో పడుకోబెడతారా? వాళ్లకి బుద్ధి లేకపోతే మీకుండక్కర్లా?"

"వెజిటేరియన్ అని రాయడానికి చోటుందండోయ్" అన్నాడు నాన్న, ఫారం తిరగేస్తూ.

"కేకులో గుడ్డేస్తారేమో కనుక్కోండి. నేను మాత్రం సంతకం పెట్టను."

చివరికి నాన్నే పెట్టాడు.

ఇది ఏదో ఒక బడి సరదాగా పెట్టుకున్న పిక్నిక్ కాదు. పోర్ట్‌లాండ్ ఉన్న మల్ట్నోమా కౌంటీ బడులు 1966 నుంచీ ఆరో తరగతి పిల్లల్ని ఇలా అడవికి తీసుకెళ్తున్నాయి. డబ్బు కరువైన ఏళ్లలో వారం కాస్తా మూడు రోజులకి కుంచించుకుపోయింది. 2016 నవంబరులో మెజర్ 99 పేరుతో విషయం ఓటర్ల ముందుకొచ్చింది. రాష్ట్ర లాటరీ ఆదాయంలోంచి ఏటా 2.2 కోట్ల డాలర్లకు మించకుండా తీసి, రాష్ట్రంలో ఐదో తరగతిలోనో ఆరో తరగతిలోనో ప్రతి పిల్లకీ వారం రోజుల ఔట్‌డోర్ స్కూల్ అందించాలన్నది ప్రతిపాదన. మూడింట రెండు వంతుల మంది సరేనన్నారు. లాటరీ గురించి నేను విన్న మంచిమాట ఇదొక్కటే.

మళ్లీ ఆ రాత్రికి వద్దాం. కింది బంకులో కదలిక. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే హైస్కూలు అమ్మాయి. ఇలాంటివాళ్లు అక్కడ అసలు పేర్లు చెప్పరు, ఏ చెట్టు పేరో పిట్ట పేరో పెట్టుకుంటారు.

"నిద్ర పట్టట్లేదా?"

"బాత్రూమ్..."

"ఇంకొకరిని లేపుదాం. ముగ్గురం వెళ్దాం."

టార్చిలైటు వెలుగులో డగ్లస్ ఫర్ చెట్ల మొదళ్లు మాత్రం కనిపిస్తున్నాయి, పైన ఎక్కడిదాకా ఉన్నాయో తెలియడం లేదు. పిల్ల ఆ అమ్మాయి రెయిన్‌కోటు అంచు పట్టుకునే వెళ్లింది, పట్టుకునే వచ్చింది.

మట్టి, నీరు, మొక్కలు, జంతువులు: అక్కడి పాఠాలు ఈ నాలుగే. మర్నాడు వీళ్ల గుంపుకి నీటి వంతు. వాగులో రాయి తిరగేస్తే అడుగున అంటుకుని వేలి గోరంత పురుగు. తెల్లటి ట్రేలో వేసి వంగి చూశారు. తోకలు లెక్కపెట్టమన్నారు. రెండు. స్టోన్‌ఫ్లై పిల్లపురుగు. చల్లటి శుభ్రమైన నీళ్లలో తప్ప బతకదు. అది కనిపించిందంటే వాగు బాగున్నట్టే. కాగితం మీద టెస్టు రాయకుండానే పిల్లకి నీటి పరీక్ష వచ్చేసింది. దానికి గుర్తుగా, మెడలో వేలాడే చెక్క బిళ్ల తాడుకి ఇంకో పూస చేరింది.

భోజనాలయ్యాక కంచాల్లో మిగిలిందంతా ఒక బకెట్లోకి గీకి, తూకం వేసి, ఎంతైందో అందరికీ వినిపించేలా చెప్పారు. మొదటి పూట మన పిల్ల వాటా అందులో బాగానే ఉంది. రెండో పూటకి ఎంత తినగలదో అంతే వడ్డించుకుంది. అమ్మమ్మ ఎన్నేళ్లుగా చెప్పినా ఎక్కని మాట ఆ తక్కెడ ఒక్క పూటలో ఎక్కించింది.

బస్సు తిరిగొచ్చిన రోజు అమ్మ ముందు చూసింది గోళ్ల కింద మట్టి.

"అన్నం పెట్టారా?"

"అమ్మా, ఒక పురుగుంది, దానికి రెండు తోకలు..."

"రాత్రి భయమేసిందా?"

"వేసింది. ముగ్గురం వెళ్లాం."

ఒరెగాన్‌లో ఉన్న తెలుగు అమ్మానాన్నలకి ఒక మాట. ఆ ఫారం మీ ఇంటికీ వస్తుంది. తిండి సంగతి రాయండి, మందుల సంగతి రాయండి, అనుమానాలుంటే టీచర్ని నిలదీసి అడగండి. అడిగాక సంతకం పెట్టి పంపండి.