ఆ అండాలు ఎవరివి? కొరియా స్టెమ్ సెల్ స్కామ్ కథ

ముందు ఒక పోస్టల్ స్టాంప్ గురించి చెప్తా. 2005 ఫిబ్రవరిలో దక్షిణ కొరియా రిలీజ్ చేసింది. వీల్‌చైర్‌లో ఉన్న మనిషి లేచి, గెంతి, ఇంకొకర్ని కౌగిలించుకుంటున్న బొమ్మ. అంత ఆశ పుట్టించింది సియోల్ నేషనల్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హ్వాంగ్ వూ-సుక్.

ఆయన పద్ధతి ఇదీ. స్త్రీ అండంలోంచి కేంద్రకం తీసేసి, పేషెంట్ చర్మకణం కేంద్రకం పెట్టాలి. పిండం కొన్ని రోజులు పెరిగాక స్టెమ్ సెల్స్ తీయాలి. పేషెంట్ డీఎన్‌ఏనే కాబట్టి శరీరం వాటిని తిప్పికొట్టదని ఆశ. 2004లో 'సైన్స్' జర్నల్‌లో ఒక పేపర్ వచ్చింది. 2005 మేలో ఇంకోటి: 185 అండాలతో 11 సెల్ లైన్లు చేశామని.

ఇక్కడ కాసేపు ఆగుదాం. అండం ఇవ్వడం రక్తదానం లాంటిది కాదు. రోజుల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత సూదితో తీయడం. కొందరికి అండాశయాలు వాచి హాస్పిటల్లో చేరాల్సి వస్తుంది. మరి ఎవరిచ్చారు? ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయిలేనా అని 'నేచర్' జర్నల్ 2004లోనే అడిగింది. ఆయన కాదన్నాడు. 2005 నవంబర్‌లో ఒప్పుకున్నాడు. కొందరికి డబ్బులిచ్చిన సంగతీ బయటపడింది.

బాస్ ముందు జూనియర్ "నా ఇష్టంతోనే ఇస్తున్నా" అంటే అది ఎంతవరకు ఇష్టం? జాబ్‌లో చేరిన కొత్తలో నేను వీకెండ్ వర్క్‌కే నో చెప్పలేకపోయా.

ఈ విషయం తవ్విన ఎంబీసీ ఛానెల్ మీదే జనం విరుచుకుపడ్డారు. స్పాన్సర్లు యాడ్స్ ఆపేశారు. మా అండాలు తీసుకోండంటూ వందలాది మంది ఆడవాళ్లు ముందుకొచ్చారు.

దొరికింది ఎలాగో తెలుసా? డిసెంబర్‌లో కుర్ర బయాలజిస్టులు ఆన్‌లైన్‌లో ఆ పేపర్ ఫోటోలు పక్కపక్కన పెట్టి చూశారు. అవే ఫోటోలు, వేరే వేరే సెల్ లైన్ల పేర్లతో! కోడ్ రివ్యూలో కాపీ-పేస్ట్ పట్టుకున్నట్టే.

2006 జనవరిలో యూనివర్సిటీ విచారణ తేల్చింది: ఆ 11లో పేషెంట్లకు సరిపోయే లైన్ ఒక్కటీ లేదు. వాడిన అండాలు మాత్రం 2,000 పైనే. రెండు పేపర్లూ జర్నల్ రద్దు చేసింది. 2009లో కోర్టు శిక్ష వేసింది కానీ, సస్పెండెడ్, జైలుకెళ్లలేదు. విచిత్రం ఏంటంటే ఆయన క్లోన్ చేసిన కుక్క స్నప్పీ మాత్రం నిజమే!

అదే 2006లో జపాన్‌లో షిన్యా యమనాకా ఎలుక తోక కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, అండం అన్నదే లేకుండా స్టెమ్ సెల్స్ లాంటివి తయారుచేశాడు. ఆ కథ నెక్స్ట్ ఎపిసోడ్‌లో.