వరుగులు, పప్పులు: తూకమునకు అందని విలువ

హైదరాబాదునకు పడమటనున్న జూబిలీ హిల్సు, ఫిల్మ్ నగర్ చలనచిత్రముల మూలమున తెలుగువారందరికిని తెలిసినవి. నగరమునకు తూర్పున, తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ పేరు ఎరిగినవారు అంతమంది లేరు. అయినను ఫిల్మ్ నగర్ వంటయింట ఉడుకు పప్పులోనైనను, పల్లెలో మేడమీద ఎండు గోరుచిక్కుడు వరుగులోనైనను పోషకము లెంతయని తెలియవలెనన్న, చూడవలసినది ఆ సంస్థ పట్టికలనే.

ఈ సంస్థ పుట్టినది హైదరాబాదులో కాదు. 1918లో నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెక్కారిసన్ బెరిబెరి వ్యాధినిగూర్చి ఆరంభించిన పరిశోధనయే దీనికి మూలము. అక్కడనే ఎయిక్రాయిడ్ అను శాస్త్రజ్ఞుడు 1937లో మన ఆహారపదార్థముల పోషకవిలువలను పట్టికలుగా ప్రకటించెను. 1958లో సంస్థ హైదరాబాదునకు తరలివచ్చెను. 1969లో నేటి పేరు పొందెను.

పట్టిక చదువుటలో ఒక చిక్కు గలదు. పచ్చివంకాయ నూరు గ్రాములలో నీరే సుమారు 93 గ్రాములు, మాంసకృత్తులు 1.4 గ్రాములు మాత్రమే. నూరు గ్రాముల సెనగలలో మాంసకృత్తులు సుమారు 17 గ్రాములు. ఇక వంకాయను ముక్కలు కోసి, నీరు నూటికి పది పాళ్లు మిగులునట్లు ఎండబెట్టినచో, వరుగు నూరు గ్రాములలో మాంసకృత్తులు లెక్కకు 17 గ్రాములే తేలును! వంకాయ వరుగు సెనగలతో సరిసమానమా? కాదు. ఆ నూరు గ్రాముల వరుగునకు కిలోంబావు వంకాయలు కావలెను. ఒక్క పూటలో అంత తినువారెవ్వరు? పైగా రసాయనశాలలో కొలుచునది నత్రజనిని, దానిని 6.25తో హెచ్చించి మాంసకృత్తులందురు. కూరగాయల నత్రజనిలో కొంత అసలు మాంసకృత్తులకు చెందినదే కాదు. ఎండ నీటిని తీసినదే గాని క్రొత్తగా ఏమియు చేర్చలేదు.

తీసినది నీటిని మాత్రమే అయిన బాగుండెడిది. సున్నము, ఇనుము వంటి ఖనిజములు వరుగులో నిలుచును. సి విటమినో, గాలి సోకి, ఎండ తగిలి చాలవరకు నశించును. ఈ సంగతి తెలియక పూర్వము సైన్యములు మిక్కిలి నష్టపోయినవి. పదునెనిమిదవ శతాబ్దపు ప్రథమార్ధమున హంగెరీలో స్కర్వీతో, అనగా చిగుళ్లు వాచి నెత్తురు కారు వ్యాధితో, మరణించుచున్న సైనికులకై క్రామర్ అను వైద్యుడు ఓషధులు కోరగా, వియన్నానుండి ఎండుమూలికలు వచ్చెను. అవి పనిచేయలేదు. 1861-65 నాటి అమెరికా అంతర్యుద్ధమున సైనికులకు కూరగాయల నెండబెట్టి అచ్చులుగా నొత్తి యిచ్చిరి. వానిని వారు పేరు మార్చి వెక్కిరించిరి.

ఎండు పప్పుధాన్యములలోను సి విటమిను లేనట్లే. కాని గింజ చావలేదు! నీటిలో నానినంతనే అది మేల్కొని, మొలకెత్తుచు ఆ విటమినును తానే తయారుచేసికొనును. ఎండిన వంకాయముక్కకు ఈ శక్తి లేదు. 1915-16లో మెసపొటేమియాలోని కూట్ ముట్టడిలో చిక్కిన భారతీయ సైనికులలో స్కర్వీ ప్రబలినది. ఆ యుద్ధకాలముననే విల్ట్‌షైర్ అను వైద్యుడు సెర్బియా సైనికులలో కొందరికి నిమ్మరసము, కొందరికి మొలకెత్తిన చిక్కుడు గింజలు ఇచ్చి చూచెను. మొలకలు తిన్నవారు నిమ్మరసము త్రాగినవారికి తీసిపోక కోలుకొనిరి. 1919లో హారియెట్ చిక్, డెల్ఫ్ అను శాస్త్రజ్ఞురాండ్రు ప్రయోగశాలలో ఈ సంగతినే రూఢిపరచిరి. 1940 ప్రాంతమున హిస్సారు కరవులో స్కర్వీ తలయెత్తినప్పుడు మొలకసెనగలు అక్కరకు వచ్చెను.

ఎండిన కాయలలో ఉసిరిక తీరు వేరు. దానిలో సి విటమిను మొదటనే అపారము. వగరునిచ్చు పదార్థములు కొంత కాపుకాయును. అందుచే నీడన ఎండినను అది సి విటమినును చాలవరకు నిలుపుకొనును.