నల్లకోట్ల అరువు పుస్తకాలు

గిన్నెడు పంచదార అరువిచ్చినంత సులువుగా పుస్తకం అరువియ్యరు మనవాళ్ళు. పంచదార తిరిగొస్తుంది, రాకపోయినా కొంప మునగదు. పుస్తకం అలా కాదు. గడప దాటిందంటే మళ్ళీ మన ఇంటి మొహం చూస్తుందన్న నమ్మకం లేదు. వారవారం సీరియల్ కాయితాలు చింపి, సూదీదారంతో కుట్టి, అట్టవేసి దాచుకున్న నవలను పక్కవీధి వదినగారికిచ్చి, మొదలూ చివరా లేని బొత్తిగా తిరిగి తెచ్చుకున్న ఇల్లాళ్ళు ఎందరో!

అలాంటిది, పొద్దున్నించీ ఒకరి మాటను ఒకరు ఖండించుకునే ప్లీడర్లు, సాయంకాలమయ్యేసరికి "అన్నా, ఆ డెబ్భయ్యేడో సంవత్సరం వాల్యూం ఒకతూరి ఇస్తావా" అని అడిగి పుచ్చుకుంటారంటే ఆశ్చర్యంగా లేదూ? ఇచ్చేవాడికి తెలుసు, ఆ పుస్తకంలోని తీర్పు రేపు తన కక్షిదారు మీదికే వస్తుందని. అయినా ఇస్తాడు. ఎందుకంటే ఎల్లుండి తనకు అవసరమయ్యే పుస్తకం అవతలివాడి బీరువాలో ఉంటుంది.

జిల్లాకోర్టు ఉన్న పట్నాల్లో ఇది మర్యాద. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్ళలో మాత్రం మర్యాద ఒక్కటే కాదు, అవసరం కూడా.

ఉదయగిరి అనగానే మనకు దుర్గం గుర్తొస్తుంది. గజపతుల చేతిలో ఉన్న ఆ కొండకోటను పట్టుకోవడానికి కృష్ణదేవరాయలంతటివాడు ఏడాదికి పైగా ముట్టడి వేసి, 1514లో గాని లోపల అడుగుపెట్టలేకపోయాడు. గెలిచాక అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించాడు. రాజులకే అంత కష్టమైన చోటికి పుస్తకాలు చేరడం మాటలా! రైలు నెల్లూరు మీదుగా మద్రాసుకూ బెజవాడకూ పోయిందిగాని, ఉదయగిరి మాత్రం నెల్లూరికి దాదాపు వంద కిలోమీటర్ల పడమటనే ఉండిపోయింది. ఆత్మకూరు అందులో సగం దూరం పైచిలుకు. రెండుచోట్లా కోర్టులున్నాయి. కోర్టులున్నచోట ప్లీడర్లుంటారు, ప్లీడర్లున్నచోట పుస్తకాలుండాలి. చిక్కల్లా ఇక్కడే.

ప్లీడరుగారికి అన్ని పుస్తకాలెందుకని మీకు సందేహం రావచ్చు. మన ఇళ్ళల్లో జరిగేదే చూడండి. పెద్దమ్మాయి పెళ్ళికి అంత పెట్టాం కనక చిన్నమ్మాయి పెళ్ళికీ అంతా పెట్టాల్సిందే అంటాం. మేనత్త విషయంలో తాతగారు చెప్పిన మాట అందరికీ శిరోధార్యం. కోర్టుల్లోనూ అంతే. లోగడ పైకోర్టు చెప్పిన మాట కిందికోర్టుకు శాసనం. కాకపోతే తాతగారి మాట నాయనమ్మకు గుర్తుంటుంది, పైకోర్టు మాట అచ్చులో చూపించాలి. చూపించలేకపోతే ఆ మాట లేనట్టే. కథల పుస్తకం పాతబడినా కథ పాతబడదు. లా పుస్తకానికి ఆ భాగ్యం లేదు. నిన్నటి తీర్పును ఇవాళ్టి తీర్పు కొట్టిపారేసి ఉంటుంది. ఇవాళ్టిది తెలియనివాడు నిన్నటిదే పట్టుకుని వాదిస్తూ కూచుంటాడు.

1862లో మద్రాసు హైకోర్టు వచ్చింది. 1875లో తీర్పుల అచ్చుకు ఒక చట్టం చేశారు. ఆ మరుసటి ఏడాదినుంచి సర్కారు వారి ఇండియన్ లా రిపోర్టులు మొదలయ్యాయి. 1891లో మద్రాసు లా జర్నల్ పుట్టింది. తర్వాత నాగపూరు నుంచి ఆలిండియా రిపోర్టరు వచ్చింది. దానికి ప్లీడర్లు ముద్దుగా పెట్టుకున్న పొట్టిపేరు 'ఏ.ఐ.ఆర్.' 1914 నాటి తీర్పులనుంచీ ఏడాదికిన్ని సంపుటాలు చొప్పున అవి గోడలెక్కాయి. వీటన్నిటికీ చందాలు కట్టి, బైండు చేయించి, బీరువాలు చేయించగల తాహతు చిన్న ఊళ్ళో ఏ ఒక్కరికీ ఉండదు.

అందుకని మొఫసిల్ ప్లీడర్లు ఒక ఉపాయం చేసుకున్నారు. ఒకరు ఏ.ఐ.ఆర్. తెప్పిస్తే ఇంకొకరు మన రాష్ట్రం తీర్పుల పత్రిక తెప్పిస్తారు. మరొకరు రెవెన్యూ చట్టాల పుస్తకాలు కొంటారు. అందరూ తలా కాస్తా వేసుకుని బార్ అసోసియేషన్ గదిలో ఒక బీరువా నిలబెడతారు. అక్కడా దొరకకపోతే గుమాస్తా నెల్లూరు బస్సెక్కుతాడు. అక్కడి లైబ్రరీలో కూచుని కావలసిన పేజీలు చేత్తో ఎత్తిరాసుకుని ఆఖరి బస్సుకు తిరిగొస్తాడు. జిరాక్సు మిషన్లు లేని రోజుల్లో ఎన్ని న్యాయాలు ఆ గుమాస్తాల చేతిరాత మీద నిలబడ్డాయో! ఈ పద్ధతికి ఈనాటి గ్రంథాలయ పండితులు వనరుల పంపిణీ అనీ, పరస్పర సహకారమనీ పెద్ద పేర్లు పెట్టారు. మనకు మాత్రం అది చేబదులే.

ఈ ప్లీడర్ల పుస్తకాల గొడవ మనకెందుకమ్మా అనుకుంటున్నారా? మనకే కావాలి. ఎందుకో చెప్పడానికి మన నెల్లూరు కేసే ఒకటుంది.

తులశమ్మ అనే ఆవిడ భర్త 1931లో పోయాడు. అప్పటికి ఆస్తి ఉమ్మడి. అంతా భర్త సవతి సోదరుడి చేతుల్లో ఉండిపోయింది. పదమూడేళ్ళ తర్వాత, 1944 అక్టోబరులో, ఆవిడ నెల్లూరు మున్సిఫ్ కోర్టులో మనోవర్తి కోసం దావా వేసింది. కోర్టు రుసుం కట్టుకోలేని బీదరాలిగా వేసింది. 1946లో డిక్రీ వచ్చింది. అమలు జరిగే సమయంలో, 1949లో, రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆవిడకిచ్చారు. బతికున్నన్నాళ్ళూ అనుభవించు, అమ్మడానికి మాత్రం వీల్లేదన్నది షరతు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆడదాని స్వాధీనంలో ఉన్న ఆస్తికి ఆవిడే పూర్తి హక్కుదారు అన్నది పద్నాలుగో సెక్షను మొదటి భాగం. డిక్రీ ద్వారానో, దానం ద్వారానో షరతులతో ఇచ్చిన ఆస్తికి మాత్రం ఆ షరతులే వర్తిస్తాయన్నది రెండో భాగం. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకున్నట్టుంది కదూ! తులశమ్మ తన భూమిలో కొంత 1960లో కౌలుకిచ్చింది, కొంత 1961లో అమ్మింది. అమ్మడానికి నీకు హక్కెక్కడిదని అవతలివారు దావా వేశారు. మున్సిఫ్ కోర్టులో ఆవిడ ఓడింది. జిల్లా కోర్టులో గెలిచింది. 1971లో హైకోర్టులో మళ్ళీ ఓడింది.

ఆవిడ సుప్రీంకోర్టుకెళ్ళింది. ఇక్కడే పుస్తకాల సంగతి వస్తుంది. ఇదే చిక్కుమీద దేశంలో హైకోర్టులన్నీ ఒక్క మాట మీద లేవు. కొన్ని విధవరాలి పక్షం, కొన్ని ఎదటి పక్షం. ఒక్క రాష్ట్రపు తీర్పులే ఉన్న ప్లీడరుకు ఒక్క వైపే కనిపిస్తుంది. సుప్రీంకోర్టు ఆ తీర్పులన్నీ పక్కపక్కన పరిచి, పాత ధర్మశాస్త్రంలో విధవరాలి మనోవర్తి హక్కు ఎంత గట్టిదో తవ్వి చూసి, 1977 మార్చి 17న తేల్చింది. మనోవర్తి ఆవిడకు ముందునుంచీ ఉన్న హక్కు. ఆ హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి దయాదాక్షిణ్యం కాదు. కాబట్టి కాయితం మీద ఏ షరతు రాసినా ఆవిడే పూర్తి హక్కుదారు. భర్త పోయిన నలభయ్యారేళ్ళకు వచ్చిన మాట అది. ఏ.ఐ.ఆర్. 1977 సంపుటంలో ఆ తీర్పు మొదలయ్యే పేజీ ఏమిటో తెలుసా? 1944! ఆవిడ మొదటిసారి కోర్టు గుమ్మం తొక్కిన సంవత్సరం అంకే.

ఆ ఒక్క తీర్పుతో ఎన్ని ఊళ్ళలో ఎందరు ఆడవాళ్ళ జీవితకాలపు ముక్క సొంత ముక్కయిందో ఊహించుకోండి. అయితే ఢిల్లీలో చెప్పినంత మాత్రాన ఉదయగిరిలో హక్కు పుట్టుకొచ్చిందా? ఆ సంపుటం తపాలాలో రావాలి. ఎవరో ఒకరు విప్పి చదవాలి. చదివినవాడు బీరువాకు తాళం వెయ్యకుండా పక్కవాడికి ఇయ్యాలి. అప్పటికి గాని కొండకింది పల్లెలో ఆవిడకు "అమ్మా, ఇది నీ సొంతం" అని చెప్పేవాడు దొరకడు.

చట్టాన్ని నలుగురికీ పంచాలన్న బుద్ధి మన నెల్లూరు సీమకు కొత్త కాదు. పదమూడో శతాబ్దంలో, తిక్కన కాలంలోనే, మూలఘటిక కేతన అనే కవి ఉండేవాడు. దశకుమార చరిత్రను తిక్కనకు అంకితమిచ్చినవాడు. ఆయనే సంస్కృతంలో ఉన్న మితాక్షరిని విజ్ఞానేశ్వరీయమన్న పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మితాక్షరి అంటే మన ఉమ్మడి కుటుంబాల ఆస్తి తగాదాలకు మూలగ్రంథం. సంస్కృతం రానివాడికీ ధర్మం తెలియాలన్నమాట! ఇక గుడిగోడల మీద శాసనాలు సరేసరి. రాయి కదలదు గనక చదవాలంటే మనమే వెళ్ళాలి. 1905లో బట్టర్‌వర్తు, వేణుగోపాలచెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా తాలూకాలవారీగా అచ్చువేయించారు. ఆత్మకూరు రాళ్ళూ ఉదయగిరి రాళ్ళూ అట్టల మధ్యకొచ్చి, దేశదేశాల లైబ్రరీలకు ప్రయాణం కట్టాయి.

అన్నదమ్ములు వేరుపడితే ఇత్తడి గిన్నెలు పంచుకుంటారు. రాష్ట్రాలు వేరుపడితే తీర్పులెలా పంచుకోవాలి? 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చింది. 1954 జులైలో గుంటూరులో హైకోర్టు పెట్టారు. నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న మద్రాసు తీర్పులు ఇక చెల్లుతాయా లేదా అన్న ప్రశ్న పుట్టింది. చెల్లుతాయని 1955లో ఫుల్‌బెంచి తేల్చింది. హైకోర్టు 1956లో హైదరాబాదుకూ, 2019 జనవరిలో అమరావతికీ మారినా, పాత మద్రాసు సంపుటాలకు విలువ పోలేదు. వంటిల్లు మారినా అమ్మమ్మ ఊరగాయ జాడీ వెంట తెచ్చుకున్నట్టే.

ఈ పుస్తకాలను కాపాడినదెవరన్నది ఇంకొక ముచ్చట. ప్లీడరుగారింట్లో ముందుగది పుస్తకాలది. దుమ్ము దులిపేదీ, వేపాకు పెట్టేదీ, చెదలు పట్టకుండా చూసేదీ ఆ ఇంటి ఇల్లాలు. చందా కట్టాల్సిన నెల పట్టుచీర మానుకున్నదీ ఆవిడే. ఆయన పోయాక మాత్రం ఆ బీరువాలు కొండల్లా కనిపిస్తాయి. కాయితాల వాడికి తూకానికి వేస్తే నాలుగు డబ్బులు. బార్ అసోసియేషనుకిస్తే నలుగురు జూనియర్లకు అన్నం. ఆ రెండోదారి తొక్కిన ఇల్లాళ్ళ పేర్లు ఏ రిపోర్టులోనూ అచ్చుకావు. లోపలి అట్టమీద ఆయన సంతకం మాత్రం మిగులుతుంది.

ప్రపంచంలోనూ ఇదే అవస్థ. అమెరికాలో లా లైబ్రరీలవారు 1906లోనే సంఘం కట్టుకున్నారు. 1976లో, అంటే తులశమ్మ తీర్పుకు ఏడాది ముందు, హవాయి దీవుల్లో కొన్ని లా లైబ్రరీలు జట్టుకట్టాయి. పాతపుస్తకాలను అరచేతిలో పట్టే ఫిల్ము ముక్కల మీదికెక్కించి, అందరూ పంచుకునే ఏర్పాటు అది. ఎవరికివారే అన్నీ కొనలేరన్న సత్యం హవాయికైనా, ఆత్మకూరుకైనా ఒకటే.

మరి తీర్పు అసలు ఎవరి సొత్తు? 2007 డిసెంబరులో సుప్రీంకోర్టే ఈ సంగతి చెప్పింది. ప్రచురణకర్తలు తమ బుర్ర ఉపయోగించి చేర్చిన వ్యాఖ్యలు వాళ్ళవి. జడ్జి రాసిన తీర్పు పాఠం మాత్రం అందరిదీ. 2023 జనవరిలో సుప్రీంకోర్టు తన రిపోర్టుల్లోని దాదాపు 34,000 తీర్పులను ఎవరైనా డబ్బివ్వకుండా చదువుకునేటట్టు కంప్యూటరులో పెట్టింది. ఆ నెలలోనే ప్రాంతీయ భాషల్లో వెయ్యికి పైగా అనువాదాలు విడుదల చేసింది. వాటిలో తెలుగూ ఉంది. కేతన మొదలుపెట్టిన పని ఏడువందల ఏళ్ళ తర్వాత సర్కారుకు గుర్తొచ్చిందన్నమాట! ఉదయగిరి ప్లీడరు ఇప్పుడు బస్సెక్కనక్కర్లేదు, తీర్పు జేబులోనే ఉంది.

అయితే జేబులో ఉన్నంత మాత్రాన అందరికీ అందినట్టు కాదు. ఆ జేబు ప్లీడరుది. హక్కు ఉన్న ఆవిడ గడపలో కూచుని, తనకు హక్కుందని తెలియక సంతకం పెట్టేస్తే, ముప్ఫై నాలుగు వేల తీర్పులూ ఉండి ఏం లాభం? అందుకే ఇంకొక మాట చెప్పి ఊరుకుంటాను. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం, కోర్టుకెళ్ళాల్సిన ఆడదానికి ఉచితంగా ప్లీడరును ఇప్పించాలి. ఆవిడ ఆదాయం ఎంతని అడగడానికి వీల్లేదు. 1944లో తులశమ్మ తాను బీదరాలినని చెప్పుకుంటే గాని దావా తీసుకోలేదు. ఇవాళ ఆ అవసరం లేదు.

ఈ సంగతి తెలియని ఇల్లాలు మీ వీధిలో ఒక్కరైనా ఉంటారు. పంచదార గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఈ మాట కూడా ఆవిడ చెవిన వెయ్యండి. ఈ అరువు మాత్రం తిరిగి రాకపోయినా ఫరవాలేదు.